గీత పూర్తికాక ముందే ఉక్కు కోశారు: కాన్‌స్టెలేషన్ ఫ్రిగేట్ కేస్ స్టడీ

యుద్ధనౌకల నిర్మాణ ప్రణాళిక నా వృత్తి. ఏ బ్లాకు (విడిగా కట్టి తర్వాత కలిపే నౌక భాగం) పని ఎప్పుడు మొదలవ్వాలి, దానికి ఏ డ్రాయింగు ఎప్పటికి చేతికి రావాలి, ఎంతమంది వెల్డర్లు కావాలి, ఎన్ని పనిగంటలు పడతాయి అని లెక్క కట్టే పని ఇది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ఇంజినీర్లు నిధులు ఒక శాఖ సమస్య, డిజైన్ మరో శాఖ సమస్య, మనుషులు ఇంకెవరి సమస్యో అనుకుంటారు. ఆ మూడూ ఒకే ముడి అని చూపించడానికి అమెరికా నౌకాదళపు కాన్‌స్టెలేషన్ తరగతి ఫ్రిగేట్ (మధ్యస్థ పరిమాణపు యుద్ధనౌక) కంటే స్పష్టమైన ఉదాహరణ ఇటీవలి కాలంలో నాకు కనిపించలేదు. ఆ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు. ఇక్కడ ఉన్న వివరాలన్నీ బహిరంగ పత్రాల నుంచి, వార్తల నుంచి తీసుకున్నవే. వాటి మీద తీర్పు మాత్రం నాది.

నేపథ్యం

పెర్రీ తరగతి ఫ్రిగేట్లలో చివరిది 2015లో విధుల నుంచి తప్పుకుంది. వాటి బాధ్యతల్లో కొన్నింటినైనా తీసుకోవాల్సిన తీరప్రాంత పోరాట నౌకలు, అంటే ఎల్‌సీఎస్‌లు, ఆశలు నిలబెట్టలేకపోయాయి. మొదట 52 నౌకలు అనుకున్నారు, 35 దగ్గర ఆపేశారు. వాటిలో ఫ్రీడమ్ రకానికి చెందిన సూ సిటీ 2018 నవంబరులో విధుల్లో చేరి, ఐదేళ్లు నిండకుండానే 2023 ఆగస్టులో విరమించింది. జలాంతర్గాములను వేటాడాల్సిన పరికరాల ప్యాకేజీని 2022లో వదులుకున్నారు. ఈ అనుభవం తరువాత నౌకాదళం తీసుకున్న నిర్ణయం చాలా వివేకమైనదనే నేటికీ నా అభిప్రాయం: పూర్తిగా కొత్త నౌకను కాగితం మీద పుట్టించకుండా, ఇప్పటికే సముద్రంలో తిరుగుతున్న ఒక నౌకను మాతృకగా తీసుకుని దానికి అమెరికా రాడారు, క్షిపణులు అమర్చడం.

2018లో ఐదు సంస్థలకు ప్రాథమిక డిజైన్ కాంట్రాక్టులు ఇచ్చారు. 2020 ఏప్రిల్ 30న ఇటలీ సంస్థ ఫింకాంటియేరీకి అమెరికాలో ఉన్న యార్డు, ఫింకాంటియేరీ మారినెట్ మెరీన్ గెలిచింది. మాతృక ఇటలీ నౌకాదళం నడుపుతున్న ఫ్రెమ్ ఫ్రిగేట్. వివరమైన డిజైన్‌కూ మొదటి నౌకకూ కలిపి 79.5 కోట్ల డాలర్లు. కాంట్రాక్టులో ఉన్న ఐచ్ఛికాలన్నీ (అదనపు నౌకలు కొనే హక్కులు) పది నౌకల దాకా వాడుకుంటే మొత్తం సుమారు 558 కోట్ల డాలర్లు. దీర్ఘకాలిక లక్ష్యం 20 నౌకలు. మొదటి నౌక 2026లో చేతికి రావాలి.

ఇవన్నీ కాగితం మీద చక్కగానే ఉన్నాయి. మాతృక నౌక ఉంది, దాన్ని కట్టిన సంస్థే కాంట్రాక్టరు, నిధులు మంజూరయ్యాయి. అయినా 2025 వసంతం నాటికి మొదటి నౌక పని సుమారు 10 శాతమే పూర్తయింది. అదే ఏడాది నవంబరు 25న నౌకాదళ కార్యదర్శి జాన్ ఫెలాన్, కాంట్రాక్టు అయిన ఆరు నౌకల్లో ఇంకా మొదలుకాని నాలుగింటిని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు.

డబ్బు లెక్క

నౌకల ధరల గురించి వార్తలు చదివేటప్పుడు మొదట తెలుసుకోవాల్సింది, యార్డుకు ఇచ్చే కాంట్రాక్టు విలువ నౌక ధర కాదని. రాడారు, యుద్ధ నిర్వహణ వ్యవస్థ, క్షిపణి గొట్టాల వంటివాటిని ప్రభుత్వమే వేరుగా కొని యార్డుకు అందిస్తుంది. అందుకే యార్డు కాంట్రాక్టు 79.5 కోట్లయినా, మొదటి నౌక మొత్తానికి నౌకాదళం అడిగింది 128 కోట్ల డాలర్లు. తర్వాతి నౌకలు ఒక్కొక్కటి 80 నుంచి 95 కోట్ల మధ్య రావాలని లక్ష్యం పెట్టుకున్నారు.

2020 అక్టోబరులోనే కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం ఈ లెక్కను ప్రశ్నించింది. మొదటి పది నౌకలకు నౌకాదళం వేసిన అంచనా 870 కోట్ల డాలర్లు. ఆ కార్యాలయం వేసినది 1,230 కోట్లు, అంటే సుమారు 40 శాతం ఎక్కువ. వాళ్ల పద్ధతి సరళమైనది. పాత యుద్ధనౌకలకు టన్నుకు ఎంత పడిందో చూసి, దాన్ని కొత్త నౌక బరువుతో పోల్చారు. 7,000 టన్నులు దాటే, అంత ఆయుధ సంపత్తి ఉన్న నౌక టన్నుకు మిగతావాటి కంటే ఇంత చవకగా ఎలా వస్తుందన్నది వాళ్ల ప్రశ్న. నా అనుభవంలో ఇలాంటి మొరటు కొలతలు తరచు నిజానికి దగ్గరగా ఉంటాయి. ఎందుకంటే గతంలో ఎదురైన ఇబ్బందులన్నీ ఆ పాత ధరల్లో ముందే కలిసి ఉంటాయి. పై నుంచి కిందకి వేసిన లెక్కకూ, కింది నుంచి ఒక్కో వస్తువు కూడుకుంటూ వచ్చిన లెక్కకూ మధ్య 40 శాతం తేడా వచ్చినప్పుడు, ఆ తేడా ఎక్కడిదో తేలే దాకా సంతకం పెట్టకూడదు.

డబ్బుకు ఇంకో గుణం ఉంది: అది ఏడాదికోసారి వస్తుంది. అమెరికాలో కాంగ్రెస్ ప్రతి ఆర్థిక సంవత్సరానికీ నౌకలను మంజూరు చేస్తుంది. 2020 నుంచి 2023 దాకా ఏడాదికి ఒక ఫ్రిగేట్, 2024లో రెండు. కార్యక్రమం చేతికి ఒకసారి నిధి వచ్చాక, దాన్ని ఖర్చు పెట్టకుండా డిజైన్ కోసం ఆగడం కష్టం. ఆగితే వచ్చే ఏడాది ఆ నిధి మరో ఆయుధానికి పోతుందన్న భయం ప్రతి ప్రోగ్రామ్ కార్యాలయంలోనూ ఉంటుంది. ఆ భయానికి కారణం ఉంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ దాని ఫలితం ఏమిటో చూడండి. 2024 మేలో ఐదో, ఆరో నౌకలకు సుమారు 100 కోట్ల డాలర్ల ఉత్తర్వు వెళ్లింది. డిజైన్ స్థిరపడక నిర్మాణం నిలిచిపోయిందని, కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పనులను తనిఖీ చేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం నివేదిక ఇచ్చింది కూడా అదే నెలలో. అప్పటికి మొదటి నౌక మూడేళ్లు ఆలస్యమని తేలిపోయింది.

నిర్మాణం

కాన్‌స్టెలేషన్ నిర్మాణం 2022 ఆగస్టు చివరి రోజున మొదలైంది. అప్పటికి డిజైన్ పూర్తికాలేదు. పురోగతిని కొలిచిన తీరు ఈ కేసులో నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టింది. ఎన్ని డిజైన్ పత్రాలు సమర్పించారన్నది లెక్కపెట్టారు తప్ప, ఆ పత్రాల్లో నిర్మాణానికి కావాల్సిన సమాచారం ఎంత ఉందో, అది ఎంత స్థిరమైనదో కొలవలేదు. ఖాళీలు వదిలిన పత్రం కూడా లెక్కలో ఒక పత్రమే. అలాంటి సూచిక 80, 90 శాతాలు చూపిస్తుంటే పైవాళ్లు నిర్మాణానికి అనుమతిస్తారు, యార్డులో ఫోర్‌మన్ చేతికి మాత్రం పైపు ఎటు వెళ్లాలో తెలియని డ్రాయింగు వస్తుంది.

మా పనిలో ఈ తేడా ఎంత ఖరీదైనదో చెప్పే ఒక పాత కొలత ఉంది. వర్క్‌షాపులో ఒక గంట పట్టే పని, బ్లాకు మీదకు వెళ్లాక మూడు గంటలు పడుతుంది, నౌక నీటిలోకి దిగాక ఎనిమిది గంటలు పడుతుంది. షాపులో పైపు తలకిందులుగా పెట్టుకుని, వెలుతురులో, క్రేను అందుబాటులో ఉండగా వెల్డింగ్ చేయవచ్చు. నౌక లోపల అదే పైపును ఇరుకు గదిలో, పక్కన కేబుళ్లు కాలకుండా కప్పి, మంటల కాపలాదారును నిలబెట్టి, వంగి చేయాలి. ఆధునిక నౌకా నిర్మాణం అంతా పనిని వీలైనంత ముందుకు, అంటే షాపులోకి లాగడం మీదే ఆధారపడి ఉంది. డిజైన్ ఆలస్యమైతే జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఉక్కు పెట్టె తయారవుతుంది, లోపలి పైపులూ గాలిగొట్టాలూ కేబుళ్లూ తర్వాత అనుకుంటారు. ఒక గంట పని ఎనిమిది గంటలవుతుంది. 'ముందే మొదలుపెట్టాం కాబట్టి కొంత సమయం కలిసొస్తుంది' అన్న మాట ఎవరు అన్నా, ఈ మూడు అంకెలు వాళ్ల ముందు పెడతాను.

మరి మాతృక నౌక ఉండగా డిజైన్ ఎందుకు తేలలేదు? మొదట్లో ఫ్రెమ్‌తో 85 శాతం పోలిక ఉంటుందని అనుకున్నారు. 2024 నాటికి అది 15 శాతం కంటే తక్కువకు పడిపోయింది. అమెరికా నౌకాదళానికి దెబ్బ తట్టుకునే శక్తి మీద, మంటలను అడ్డుకోవడం మీద, నీరు చేరినప్పుడు తేలియాడటం మీద సొంత ప్రమాణాలున్నాయి. యుద్ధంలో మునిగిన నౌకల నుంచి, పోయిన ప్రాణాల నుంచి నేర్చుకున్న ప్రమాణాలవి. వాటిని ఎవరూ తేలిగ్గా వదులుకోకూడదు. వాటికి తోడు పెద్ద జనరేటర్లు పెట్టారు, నౌకను సుమారు 7 మీటర్లు పొడిగించారు, ముక్కు కింద ఉండే సోనార్ (శబ్దంతో నీటి అడుగున వెతికే పరికరం) తీసేశారు, ప్రొపెల్లర్ మార్చారు. ఒక్కో మార్పుకూ వేరుగా చూస్తే మంచి కారణమే కనిపిస్తుంది. అయితే యుద్ధనౌకలో ఏ మార్పూ ఒంటరిగా ఉండదు. జనరేటరు పెద్దదైతే దాని పునాది మారుతుంది, చల్లదనానికి నీటి పైపు లావవుతుంది, పొగగొట్టం పెరుగుతుంది, పై అంతస్తులో చోటు తగ్గుతుంది, బరువు కేంద్రం పైకి జరుగుతుంది. పరికరాల తయారీదారుల నుంచి కొలతలు రావడం ఆలస్యమైతే ఈ గొలుసు మొత్తం మళ్లీ గీయాలి.

బరువు ఈ కథలో చేదైన భాగం. యార్డు 2020లో వేసిన అంచనాను మించి 10 శాతానికి పైగా బరువు పెరిగింది. విదేశీ డిజైన్‌ను అమెరికా అవసరాలకు మార్చడానికి ఎంత పడుతుందో మొదట్లో తక్కువ వేయడమే దీనికి ముఖ్య కారణమని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తేల్చింది. ఆ బరువును సర్దుకోవడానికి వేగం తగ్గించే ఆలోచన కూడా చేశారు. ప్రతి యుద్ధనౌకలో భవిష్యత్తు కోసం కొంత బరువును ఖాళీగా ఉంచుతారు. ముప్పై ఏళ్ల సేవలో కొత్త రాడార్లు, కొత్త ఆయుధాలు వస్తాయని తెలుసు కాబట్టి. ఇంకా పుట్టని నౌక ఆ నిల్వను తినేస్తే, దాని ముసలితనం ముందే మొదలైనట్టు.

ఈ విషయంలో నా అభిప్రాయం కటువుగా ఉంటుంది. మాతృక ఉందనే ధైర్యమే ఇక్కడ ప్రమాదమైంది. పూర్తిగా కొత్త నౌక అయితే అందరూ భయపడి నెమ్మదిగా నడిచేవాళ్లు. ఉన్న నౌకే కదా అనుకుని కొత్త నౌకకు పెట్టాల్సిన డిజైన్ కాలాన్ని కుదించారు, ఆ తర్వాత కొత్త నౌకనే గీశారు.

మనుషులు: యార్డులో

మారినెట్ విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున, సుమారు 11 వేల జనాభా ఉన్న పట్టణం. అక్కడ యార్డుకు యంత్రాలు వచ్చాయి, కొత్త షెడ్లు వచ్చాయి, వందల వెల్డర్లను మాత్రం ఒక్కసారిగా తేవడం సాధ్యం కాలేదు. 2024 ప్రారంభంలో నౌకాదళ కార్యదర్శి కార్లోస్ డెల్ టోరో ఆదేశించిన 45 రోజుల సమీక్ష ఫ్రిగేట్ 36 నెలలు ఆలస్యమని తేల్చింది. యార్డు కార్మికుల కొరతతో పాటు డిజైన్ చేసే ఇంజినీర్ల కొరత కూడా అందులో కారణమే. కార్మికులను నిలుపుకోవడానికి 10,000 డాలర్ల దాకా బోనస్ ఇచ్చే పథకం పెట్టారు.

బోనస్ అవసరమే. కానీ దాంతో తీరని సమస్య ఒకటుంది. మందపాటి ఉక్కును తలపైన చేతులెత్తి వెల్డింగ్ చేసి ఎక్స్‌రే పరీక్షలో నెగ్గించగల మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది. అతన్ని తయారుచేసేది శిక్షణ కేంద్రం ఒక్కటే కాదు, పక్కన నిలబడి చూపించే అనుభవజ్ఞుడు. డ్రాయింగు లేక పని ఆగినప్పుడు మొదట వెళ్లిపోయేది ఆ అనుభవజ్ఞుడే, ఎందుకంటే అతనికి మరోచోట పని సులభంగా దొరుకుతుంది. చేసిన వెల్డింగే కోసి మళ్లీ చేయమంటే నైపుణ్యం ఉన్నవాడికి మనసు విరుగుతుంది. డిజైన్ లోపం కార్మికుల కొరతగా మారే దారి ఇది, నివేదికల్లో ఈ రెండూ వేర్వేరు శీర్షికల కింద కనిపిస్తాయి. నన్నడిగితే స్థిరమైన పనికి మించిన బోనస్ లేదు.

ఆ యార్డు స్థానం ఇంకో చిక్కు తెస్తుంది. అక్కడ పుట్టిన నౌక పెద్ద సరస్సులను, సెయింట్ లారెన్స్ జలమార్గాన్ని దాటి సముద్రానికి చేరాలి. అదే యార్డు కట్టిన లిటిల్ రాక్ అనే ఎల్‌సీఎస్ 2017 డిసెంబరులో విధుల్లో చేరి, మంచు వల్ల 2018 మార్చి చివరి దాకా మాంట్రియల్‌లో చిక్కుకుపోయింది. అలాంటి చోట శరత్కాలంలో రెండు నెలల ఆలస్యం అంటే వసంతం దాకా ఆలస్యమే.

మనుషులు: సముద్రం మీద

ఇదే కాలంలో నౌకాదళానికి నావికులు దొరకలేదు. 2023 ఆర్థిక సంవత్సరంలో 37,700 మందిని చేర్చుకోవాలనుకుని 30,236 మందితో ఆగింది. 2022 చివరి నుంచి 2024 ప్రారంభం మధ్య వయోపరిమితి 41కి పెంచడం, ప్రవేశ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లను ఎక్కువ సంఖ్యలో తీసుకోవడం, పాఠశాల పట్టా లేనివాళ్లనూ అనుమతించడం వంటి మార్పులు చేసింది. 2024లో 40,600 లక్ష్యానికి 40,978 మంది వచ్చారు. చేరికల సమస్య వరకు ఇది నిజమైన విజయమే.

అయితే నౌకకు కావాల్సింది చేరినవాళ్ల సంఖ్య ఒక్కటే కాదు. ఇంజిన్ గదిలో పదేళ్లు గడిపిన చీఫ్ పెట్టీ ఆఫీసరు, అంటే సీనియర్ నావికుడు, నిన్న చేరినవాళ్లతో రాడు. 2024లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అడిగినప్పుడు, నౌకల్లో కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉండే అధికారుల్లో 63 శాతం మంది సిబ్బంది చాలకపోవడం వల్ల సముద్రంలో మరమ్మతులు పూర్తిచేయడం కష్టమవుతోందని చెప్పారు. అలా చేయని చిన్న మరమ్మతులు పెద్దవై యార్డుకు చేరతాయి. అక్కడ కొత్త నౌకలకు కావాల్సిన రకం వెల్డర్లూ పైప్‌ఫిట్టర్లూ ఈ పాత నౌకలకూ కావాలి. నిర్మాణమూ నావిక సిబ్బందీ ఒకే చెరువులో నీళ్లు తోడుకుంటున్నాయి.

తక్కువ మందితో నడిచే నౌక కడితే సరిపోదా అని అడుగుతారు. ఎల్‌సీఎస్ ఆ ప్రయోగమే. 40 మందితో నడుస్తుందనుకున్న మూల సిబ్బంది 50కి, ఆపైన 70కి పెరిగింది. నిర్వహణ పనిని తీరంలోని కాంట్రాక్టర్లకు వదిలేస్తామన్న ఆలోచన సముద్రంలో నిలబడలేదు. ఫ్రిగేట్‌కు 200 మందిని పరిమితిగా పెట్టడం ఆ అనుభవం నుంచి వచ్చిందే, అది సరైన నిర్ణయం. జపాన్ తన మొగామి తరగతి ఫ్రిగేట్లను సుమారు 90 మందితో నడుపుతోంది. కానీ జపాన్ తన సిబ్బంది కొరతను ముందే ఒప్పుకుని, ఆ సంఖ్య చుట్టూ నౌకను మొదటి నుంచీ గీసింది. మొదటి మొగామి నిర్మాణం 2019లో మొదలై 2022లో ఆ తరగతి విధుల్లోకి వచ్చింది. 2025 ఆగస్టులో ఆస్ట్రేలియా దాని మెరుగైన రూపాన్నే ఎంచుకోవడానికి, తన సిబ్బంది పరిస్థితి కూడా ఒక కారణమని నేను భావిస్తున్నాను. సిబ్బంది సంఖ్య డిజైన్‌లో మొదటి వరుసలో ఉండాలి. నౌక గీశాక మనుషులను తగ్గిస్తే, తగ్గిన మనిషి పని మిగిలినవాళ్ల నిద్రలోంచి వస్తుంది. 2017లో ఫిట్జ్‌గెరాల్డ్, జాన్ ఎస్. మెకెయిన్ నౌకలు వాణిజ్య నౌకలను ఢీకొని 17 మంది నావికులు చనిపోయినప్పుడు, వెనుక ఉన్న కారణాల్లో అలసట కూడా ఉంది. ఈ అధ్యాయాన్ని నేను బోధించేటప్పుడు తొందరపడను.

ఇప్పుడు ఏమిటి

కాన్‌స్టెలేషన్, కాంగ్రెస్ అనే మొదటి రెండు నౌకలు మారినెట్‌లోనే కొనసాగుతున్నాయి. రద్దు నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను, కానీ ఆ రెండింటిని ఉంచడం మరింత ముఖ్యమైన నిర్ణయం. వాటిని కూడా ఆపేసి ఉంటే, ఇంత ఖర్చుతో ఒకచోట చేరిన చేతులు ఒక్క శీతాకాలంలో చెదిరిపోయేవి. రెండు నౌకల తరగతికి విడిభాగాలు, శిక్షణ ఎప్పటికీ ఖరీదే, ఆ ఖర్చు తెలిసే భరించాలి.

2025 డిసెంబరులో నౌకాదళం కొత్త ఫ్రిగేట్‌ను ప్రకటించింది. దానికి మాతృక అమెరికాలోని ఇంగల్స్ యార్డు కోస్ట్‌గార్డ్ కోసం కట్టిన లెజెండ్ తరగతి కట్టర్ (గస్తీ నౌక), లక్ష్యం 2028లో మొదటి నౌక నీటిలో ఉండటం. ఇంగల్స్ ఆ కట్టర్లను పదింటిని పూర్తిచేసింది. అంటే డ్రాయింగులు దేశంలోనే ఉన్నాయి, వాటిని చదివిన చేతులూ అక్కడే ఉన్నాయి. ఇటలీ నుంచి తెచ్చిన డిజైన్‌కు లేని బలం ఇది. బలహీనత కూడా తెలిసినదే. అది సుమారు 4,500 టన్నుల నౌక, మొదటి రూపంలో నిలువు క్షిపణి గొట్టాలు ఉండవు. వాటిని చేర్చాలన్న ఒత్తిడి ఇప్పటికే మొదలైంది, అడిగేవాళ్ల వాదనలో బలం కూడా ఉంది. గొట్టాలు కావాలంటే నౌక దేహం మధ్యభాగం, విద్యుత్తు, బరువు కేంద్రం, సిబ్బంది సంఖ్య అన్నీ మళ్లీ లెక్కించాలి. ఆ పనిని రెండో విడత నౌకలకు వదిలి, దాని డిజైన్‌ను మొదటి విడత నిర్మాణంతో సంబంధం లేకుండా పూర్తిచేసే నియమం కాంట్రాక్టులో రాసి ఉంటే 2028 సాధ్యమే. ఆ నియమం లేకుండా మొదటి నౌక ఉక్కు కోయడం మొదలుపెడితే, నేను వేసే షెడ్యూలులో 2028 అనే అంకె ఉండదు.